హోటల్ సర్వర్ వృత్తి: నైపుణ్యం, ఒత్తిడి, జీతం

హోటల్లో బల్ల ముందు కూర్చున్నవారికి ఏం కావాలో అడిగి, ఆ మాట వంటగదికి చేర్చి, తయారైన పదార్థాలను వేడి తగ్గకముందే తెచ్చి వడ్డించి, బిల్లు కట్టేదాకా వారి అవసరాలు చూసే ఉద్యోగిని సర్వర్ అంటారు. తెలుగు ప్రాంతాల టిఫిన్ హోటళ్లలో సర్వర్, సప్లయర్ అనీ, బార్లలోనూ పెద్ద రెస్టారెంట్లలోనూ వెయిటర్ అనీ, క్లబ్బుల్లో, కాఫీ హౌసుల్లో బేరర్ అనీ పిలుస్తారు. ఎంగిలి ప్లేట్లు తీసి బల్ల తుడిచే క్లీనర్ సర్వర్‌కు కింది మెట్టు, ఆర్డర్లు తీసుకుంటూ కొన్ని బల్లల బాధ్యత మొత్తం చూసే కెప్టెన్ పై మెట్టు.

ఈ ఉద్యోగంలో చేరడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అందువల్ల నైపుణ్యం కూడా అక్కర్లేదన్న అభిప్రాయం సమాజంలో పాతుకుపోయింది. నిజానికి జ్ఞాపకశక్తి, శారీరక దారుఢ్యం, మనుషులను అర్థం చేసుకొనే నేర్పు ఒకేసారి కోరే పని ఇది. ఆ నేర్పుకు దక్కే ప్రతిఫలం మాత్రం చాలా దేశాల్లో జీతంగా కాక ఎదుటివారి దయగా అందుతోంది. ఈ వృత్తి చరిత్రలోని ప్రధాన వివాదాలన్నీ ఈ వైరుధ్యం చుట్టూనే తిరిగాయి.

చరిత్ర

ఎవరి బల్ల దగ్గర వారు కూర్చొని, పట్టిక చూసి కోరుకున్నది తెప్పించుకొనే ఆధునిక రెస్టారెంటు పద్ధతి 18వ శతాబ్దం రెండో సగంలో పారిస్‌లో రూపుదిద్దుకుంది. అంతకుముందు యూరపు సంపన్నుల విందుల్లో వంటకాలన్నీ ఒకేసారి బల్ల మీద పరిచేవారు. 19వ శతాబ్దంలో రష్యా పద్ధతి వ్యాపించింది. అందులో వంటకాలు ఒకదాని తరవాత ఒకటి, ఎవరి వంతు వారికి వస్తాయి. ఏది ముందు, ఏది తరవాత, ఎంత వ్యవధిలో అన్న లెక్క వడ్డించేవారి చేతికి రావడంతో సర్వర్ పనికి ప్రత్యేక వృత్తి స్వభావం ఏర్పడింది.

అమెరికాలో ఫ్రెడ్ హార్వీ సంస్థ 1883 నుంచి శాంటా ఫే రైలు మార్గం వెంబడి ఉన్న తన భోజనశాలల్లో యువతులను నియమించింది. హార్వీ గర్ల్స్‌గా పేరుపొందిన వీరికి శిక్షణ, వసతి, జీతం సంస్థే ఇచ్చేది. మహిళలు ఈ వృత్తిలోకి పెద్దసంఖ్యలో రావడానికి అది బాట వేసింది. 1900లో సియాటిల్‌లో ఆలిస్ లార్డ్ నాయకత్వాన మహిళా సర్వర్ల సంఘం ఏర్పడింది. నేడు అమెరికా సర్వర్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది మహిళలే.

భారతదేశంలో బ్రిటిష్‌వారి క్లబ్బులు, రైల్వే భోజనశాలలు, ఉడుపి హోటళ్లు, ఇరానీ కేఫులు, మిలిటరీ హోటళ్లు వేర్వేరు దారుల్లో ఈ వృత్తిని పెంచాయి. మన సమాజంలో ఎవరు వండాలి, ఎవరు వడ్డించాలి, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి అన్నవి కులం నిర్ణయించిన విషయాలు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో దక్షిణాది కాఫీ హోటళ్లలో బ్రాహ్మణులకు విడిగా గది ఉండడం మామూలు. రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో భాగం కులం, మతం వంటి కారణాలతో ఎవరినీ హోటళ్లలోకి, రెస్టారెంట్లలోకి రాకుండా ఆపకూడదని శాసించింది. అయినా పల్లెల టీ కొట్లలో దళితులకు వేరే గ్లాసు ఇచ్చే రెండు గ్లాసుల పద్ధతి ఆ తరవాత కూడా చాలాకాలం సాగింది. పట్టణ హోటల్లో ముక్కూ మొహం తెలియని సర్వర్ చేతి కాఫీని అందరూ పక్కపక్కనే కూర్చొని తాగడం అలవాటు కావడం చిన్న మార్పు కాదు.

పని తీరు

టిఫిన్ హోటల్లో సర్వర్ పని సూర్యోదయానికి ముందే మొదలవుతుంది. బల్లలు తుడవడం, నీళ్లు నింపడం, చట్నీలు, కారప్పొడి, నెయ్యి సిద్ధంగా పెట్టుకోవడం అయ్యాక గిరాకీ తాకిడి మొదలవుతుంది. ఇడ్లీ, వడ, పూరీ, ఉప్మా, పెసరట్టు అంటూ ఉన్నవన్నీ ఒక్క గుక్కలో అప్పజెప్పడం, అల్లం లేకుండా ఒకటి, ఉల్లిపాయ ఎక్కువేసి ఒకటి అన్న తేడాలు పెనం దగ్గరికి సరిగ్గా చేర్చడం, మూడో బల్ల మీది ప్లేటులో చట్నీ అయిపోతున్నట్టు అడక్కముందే కనిపెట్టడం ఒకేసారి జరుగుతాయి.

భోజనం వేళ పద్ధతి మారుతుంది. ఆకులో లేదా కంచంలో పచ్చడి, వేపుడు, కూర, పప్పు, తరవాత అన్నం, నెయ్యి. ఆపైన సాంబారు, చారు, చివరికి పెరుగు. ఈ క్రమం ఒక్కొక్కరి దగ్గర ఒక్కో దశలో ఉంటుంది. ఒకరు పప్పులో ఉండగా పక్కవారు పెరుగులోకి వస్తారు. నాలుగైదు గిన్నెలు ఒకే పిడికి బిగించిన వడ్డన పాత్రతో వరస వెంట తిరుగుతూ ఎవరికి మారు వడ్డించాలో చూపుతోనే తేల్చుకోవాలి. ఇంటి పెళ్లి పంక్తిలో వడ్డన చేసినవారికి ఆ శ్రమ కొంత తెలుస్తుంది. సర్వర్ దాన్ని రోజుకు కొన్ని వందల మందికి చేస్తారు.

పెద్ద రెస్టారెంట్లలో తలుపులు తెరవకముందే మేనేజరు ఆనాటి ప్రత్యేక వంటకాలు, అయిపోయిన సరుకులు వివరిస్తారు. ఆర్డరు కేఓటీ అనే చీటీ రూపంలో, ఇప్పుడైతే చేతిలోని ట్యాబ్ ద్వారా వంటగదికి వెళ్తుంది. స్టార్టర్ పూర్తికాకముందు బిర్యానీ రాకూడదు, పూర్తయ్యాక ఆలస్యం కాకూడదు. ఆరుగురు కూర్చున్న బల్ల మీద ఆరుగురికీ ఒకేసారి పళ్లేలు రావాలి. ఈ కాలగణన తప్పితే వంట ఎంత బాగున్నా భోజనం చెడుతుంది.

నైపుణ్యాలు

సర్వర్ల జ్ఞాపకశక్తి మనస్తత్వ శాస్త్రానికే పరిశోధనాంశం అయింది. బెర్లిన్‌లో కర్ట్ లెవిన్ బృందం, సర్వర్లు డబ్బు ముట్టని ఆర్డర్లను వివరంగా గుర్తుంచుకొని, బిల్లు చెల్లించగానే మరిచిపోవడాన్ని గమనించింది. ఆ బృందంలోని బ్లూమా జైగార్నిక్ దీనిపై ప్రయోగాలు చేసి 1927లో ఫలితాలు ప్రచురించారు. ముగిసిన పనులకంటే ముగియని పనులే ఎక్కువ గుర్తుంటాయన్న సూత్రం ఆమె పేరుతోనే ప్రసిద్ధమైంది.

1988లో ఆండర్స్ ఎరిక్సన్, పీటర్ పోల్సన్ కాగితం మీద రాసుకోకుండా ఇరవై మంది దాకా ఆర్డర్లు గుర్తుంచుకోగల ఒక సర్వర్‌ను అధ్యయనం చేశారు. అతను బల్ల చుట్టూ కూర్చున్నవారిని నలుగురు చొప్పున గుంపులు చేసుకొనేవాడు. మాంసం ఎంత ఉడకాలన్నదాన్ని ఎగుడుదిగుడు గీతగా మనసులో ఊహించుకొనేవాడు. సలాడ్ మీద పోసే సాసుల పేర్లలోని మొదటి అక్షరాలతో ఒక మాట అల్లుకొనేవాడు. ఇది పుట్టుకతో వచ్చిన వరం కాదు, పనిలో పదేపదే సాధన చేసి సంపాదించిన పద్ధతి అని పరిశోధకులు తేల్చారు.

శరీర నైపుణ్యం మరొకటి. ముంజేతి మీద వరసగా ప్లేట్లు పేర్చుకొని, తడి నేల మీద, కుర్చీల మధ్య, పిల్లలు అడ్డుపడే చోట వేడి సాంబారుతో నడవడానికి చేతికీ కాలికీ కంటికీ పొందిక కావాలి. ఒక్కసారి వంటగదికి వెళ్తే ఖాళీ చేతులతో వెళ్లకపోవడం, ఖాళీ చేతులతో రాకపోవడం అనుభవజ్ఞుల మొదటి సూత్రం. పారిస్‌లో సర్వర్ల పరుగుపందెం 1914 నాటి నుంచి ఉన్న సంప్రదాయం. కాఫీ కప్పు, నీళ్ల గ్లాసు, క్రొసాంతో నిండిన పళ్లెం ఒరగకుండా రెండు కిలోమీటర్లు వేగంగా నడవాలి. చాలా ఏళ్లు ఆగిపోయిన ఆ పందేన్ని 2024 మార్చిలో పునరుద్ధరించారు.

మూడోది మనుషులను చదవడం. తొందరలో ఉన్న ఉద్యోగికి, పిల్లలతో వచ్చిన కుటుంబానికి, మందు కోసం కూర్చున్న మిత్రబృందానికి, ఒంటరిగా వచ్చిన వృద్ధుడికి ఒకే పలకరింపు పనికిరాదు. పెద్దాయనను సార్ అనాలా, బాబాయ్ అనాలా అన్నది కూడా క్షణంలో తేల్చుకోవలసిన విషయమే. వీటికి తోడు వంటకాల పరిజ్ఞానం ఉండాలి. వేరుసెనగ, జీడిపప్పు, పాలు, రొయ్యలు పడనివారికి ఏ కూరలో ఏముందో సరిగ్గా చెప్పలేకపోతే అది ప్రాణం మీదికి రావచ్చు.

శారీరక, మానసిక ఒత్తిడి

షిఫ్టు మొత్తం నిలబడి, నడిచి, బరువులు మోయడం వల్ల మడమ నొప్పి, నడుము నొప్పి, మోకాళ్ల అరుగుదల, కాళ్లలో నరాల వాపు ఈ వృత్తిలో తరచుగా కనిపిస్తాయి. కాలిన గాయాలు, జారిపడడం మామూలు ప్రమాదాలు. అందరూ తినే వేళలో సర్వర్ తినలేరు. పండగ, ఆదివారం లోకానికి సెలవైతే వీరికి పని ఎక్కువ. మధ్యాహ్న భోజనాల తరవాత కొన్ని గంటలు ఆపి మళ్లీ రాత్రికి రమ్మనే బ్రేక్ షిఫ్టు వల్ల పని గంటలు కాగితం మీద తక్కువగా కనిపించినా రోజంతా హోటల్‌కే అంకితమవుతుంది.

మానసిక భారం ఇంకా లోతైనది. లోపల ఏమున్నా బయటికి చిరునవ్వు కనబరచడం ఉద్యోగంలో భాగమైనప్పుడు దాన్ని భావోద్వేగ శ్రమ అంటారు. సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమాన పరిచారికలను అధ్యయనం చేసి ఈ భావనను ప్రతిపాదించారు. హోటల్ సర్వర్‌కు అది పూర్తిగా వర్తిస్తుంది. ఆలస్యం వంటగదిది, ధర యజమానిది, ఉప్పు ఎక్కువైతే వంటమనిషిది; తిట్టు మాత్రం ఎదురుగా నిలబడ్డ సర్వర్‌కు. వయసులో పెద్దవారిని సైతం ఒరేయ్ అని, చిటికె వేసి పిలిచేవారు మన హోటళ్లలో ఇంకా ఉన్నారు. ఆ అవమానానికి సమాధానం చెప్పే స్వేచ్ఛ సర్వర్‌కు లేదు.

వంటగదికీ బల్లకూ మధ్య నలిగిపోవడం మరో సమస్య. విలియం ఫూట్ వైట్ అమెరికా రెస్టారెంట్లను పరిశీలించి 1948లో ప్రచురించిన గ్రంథంలో, మహిళా సర్వర్లు పని మధ్యలో ఏడ్చే పరిస్థితికి మూలాలు వెతికారు. హోదాలో తమకంటే తక్కువగా భావించే సర్వర్ వచ్చి ఆదేశం ఇచ్చినట్టు మాట్లాడడం వంటవాళ్లకు నచ్చదని, అక్కడే గొడవ పుడుతోందని ఆయన గుర్తించారు. ఆర్డరు నోటితో చెప్పే బదులు చీటీగా ఒక కడ్డీకి తగిలిస్తే ఘర్షణ తగ్గుతుందని చూపారు. నేడు వంటగదిలో ఆర్డర్లు చూపే డిజిటల్ తెరలు చేస్తున్నది ఆ పనే.

వృత్తిలోని కష్టాన్ని లోపలి నుంచి చూసి రాసినవారిలో జార్జ్ ఆర్వెల్, బార్బరా ఎరెన్‌రైక్ ముఖ్యులు. పారిస్ హోటల్లో గిన్నెలు కడిగిన ఆర్వెల్, వంటగది తలుపు దాటగానే సర్వర్ మనిషే మారిపోయే తీరును 1933 నాటి పుస్తకంలో వర్ణించారు. ఫ్లోరిడాలో సర్వర్‌గా పనిచేసిన ఎరెన్‌రైక్ ఆ సంపాదనతో ఇంటి అద్దె కట్టడమే ఎంత కష్టమో 2001లో రాశారు.

జీతం, టిప్పు

భారతదేశంలో సర్వర్ ఆదాయానికి సాధారణంగా మూడు భాగాలు: నెలజీతం లేదా దినకూలి, భోజన వసతులు, టిప్పు. వసతి అంటే చాలాచోట్ల పదిమంది కలిసి పడుకొనే గది. హైదరాబాద్ హోటళ్లలో ఒడిశా, పశ్చిమ బెంగాల్, ఈశాన్య రాష్ట్రాలు, నేపాల్ నుంచి వచ్చినవారు పెద్దసంఖ్యలో ఉన్నారు. పనీ గూడూ ఒకే యజమాని చేతిలో ఉన్నప్పుడు జీతం గురించి గట్టిగా అడగడం కష్టం. నగదు వాడకం తగ్గి ఫోన్ చెల్లింపులు పెరిగాక బిల్లు పళ్లెంలో చిల్లర మిగిలే సందర్భమే తగ్గిపోయింది. దానితో టిప్పు మరింత అనిశ్చితమైంది.

టిప్పు జీతం స్థానాన్ని ఆక్రమిస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ అమెరికా. అంతర్యుద్ధం ముగిశాక బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతివారిని రెస్టారెంట్లు, రైల్వే సంస్థలు నామమాత్రపు జీతంతో చేర్చుకొని, మిగిలినది టిప్పుల ద్వారా సంపాదించుకోమన్నాయి. టిప్పు ప్రజాస్వామ్యానికి తగదన్న ఆగ్రహం కూడా అప్పట్లో బలంగా ఉండేది. వాషింగ్టన్ రాష్ట్రం 1909లో టిప్పును నిషేధించింది. మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. ఆ చట్టాలన్నీ 1926 నాటికి రద్దయ్యాయి. 1938 నాటి కనీస వేతన చట్టం రెస్టారెంటు ఉద్యోగులను వదిలేసింది. 1966లో వారిని చేర్చినా, టిప్పులను చూపి యజమాని తక్కువ జీతం ఇవ్వవచ్చన్న వెసులుబాటు కల్పించింది.

టిప్పు అందుకొనే ఉద్యోగికి యజమాని ఇవ్వవలసిన కనీస నగదు వేతనం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి ఇది మారలేదు. వారానికి 40 గంటలు పనిచేస్తే అది 85.20 డాలర్లు. సాధారణ కనీస వేతనమైన 7.25 డాలర్లకు ఉన్న 5.12 డాలర్ల తేడా టిప్పుల నుంచి రావాలి. రాకపోతే యజమాని భర్తీ చేయాలి. ఆ భర్తీ జరిగిందో లేదో వారం వారం లెక్క చూసి నిలదీయడం ఒంటరి ఉద్యోగికి తేలిక కాదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఒరెగాన్, నెవాడా, అలాస్కా, మోంటానా, మినెసోటా రాష్ట్రాలు ఈ వెసులుబాటును ఒప్పుకోక, టిప్పులతో సంబంధం లేకుండా పూర్తి కనీస వేతనం ఇప్పిస్తున్నాయి.

మంచి సేవకు మంచి టిప్పు అన్న నమ్మకాన్ని పరిశోధనలు బలపరచలేదు. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ లిన్, సేవ నాణ్యతకూ టిప్పుకూ ఉన్న సంబంధం బలహీనమని చూపారు. భుజం మీద తేలిగ్గా చెయ్యి వేయడం, బల్ల పక్కన గొంతుకు కూర్చొని మాట్లాడడం వంటి చిన్న చేష్టలకే టిప్పు పెరిగినట్టు 1984, 1993 నాటి ప్రయోగాలు తేల్చాయి. అంటే టిప్పు కొలుస్తున్నది పనితనాన్ని కాదు. ఎదుటివారి మెప్పు మీదే ఇల్లు గడిచే స్థితిలో, ముఖ్యంగా మహిళలు, వెకిలి మాటలను, అసభ్య స్పర్శను సహించవలసి రావడం ఈ పద్ధతిలోని తీవ్ర లోపం.

ఫ్రాన్స్‌లో సేవా రుసుము ధరలోనే కలిసి ఉంటుంది. జపాన్‌లో టిప్పు ఇచ్చే ఆచారమే లేదు, అక్కడి సేవకు లోకమంతా మంచి పేరు. బ్రిటన్‌లో 2023లో వచ్చిన చట్టం, టిప్పుల నుంచి యజమాని ఏమీ మినహాయించకుండా ఉద్యోగులకే న్యాయంగా పంచాలని నిర్దేశించింది. 2024 అక్టోబరు 1 నుంచి అది అమలులో ఉంది.

సర్వీస్ చార్జి వివాదం

భారతదేశంలో అనేక పెద్ద రెస్టారెంట్లు బిల్లుపై సర్వీస్ చార్జి వేసి, దాన్ని సిబ్బందికి పంచుతామని చెబుతూ వచ్చాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న జారీ చేసిన మార్గదర్శకాల్లో, ఈ రుసుమును బిల్లులో తమంతట తాము చేర్చకూడదని, ఇవ్వడం కస్టమర్ ఇష్టమని చెప్పింది. హోటల్ యజమానుల సంఘాలు సవాలు చేయగా ఢిల్లీ హైకోర్టు మొదట స్టే ఇచ్చింది. 2025 మార్చి 28న ఏకసభ్య ధర్మాసనం ఆ మార్గదర్శకాలను సమర్థించింది.

వినియోగదారుడి హక్కు కోణంలో ఇది సరైన తీర్పు. సర్వర్ కోణంలో మిగిలే ప్రశ్న వేరు: ఆ రుసుము పోతే తగ్గే ఆదాయాన్ని జీతంలో కలుపుతారా? టిప్పు యజమాని ఇచ్చే జీతం కాదని సుప్రీంకోర్టు 2016లో ఐటీసీ సంస్థ ఆదాయపు పన్ను కేసులో స్పష్టం చేసింది. కార్డు ద్వారా వచ్చిన టిప్పును యజమాని కేవలం ఉద్యోగుల తరఫున పుచ్చుకొని అందజేస్తున్నాడని చెప్పింది. కాబట్టి టిప్పు వస్తోంది కదా అని జీతం తగ్గించడం తర్కానికి నిలవదు.

చట్ట రక్షణలు

హోటళ్లు, రెస్టారెంట్లలో పని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1948 నాటి కనీస వేతనాల చట్టం కింద షెడ్యూల్డ్ ఉద్యోగంగా ఉండేది. ఆ చట్టం స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం కనీస వేతనం అన్ని రకాల ఉద్యోగాలకూ వర్తిస్తుంది. అదనపు గంటలకు రెట్టింపు వేతనం ఇవ్వాలి. జీతానికి బదులు వస్తురూపంలో ఇచ్చేదాన్ని మొత్తం వేతనంలో 15 శాతానికి మించి లెక్కగట్టకూడదు. తిండీ గదీ ఇస్తున్నాం కదా అనే యజమానికి ఈ నిబంధనే సమాధానం.

పది మంది, అంతకు మించి సిబ్బంది ఉన్నచోట నెలకు 21 వేల రూపాయల లోపు వేతనం ఉన్నవారికి ఈఎస్ఐ వైద్య సౌకర్యం, ఇరవై మంది ఉంటే భవిష్యనిధి వర్తిస్తాయి. హోటళ్లు, ధాబాలు, టీ దుకాణాల్లో 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి నిషిద్ధం. పని మధ్యలో కూర్చొనే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాలు, సంస్థల చట్టాల్లో చేర్చాయి. చిన్న హోటళ్లలో నియామక పత్రం, హాజరుపట్టీ ఉండకపోవడం వల్ల ఈ హక్కులు చాలామందికి కాగితం మీదే ఉండిపోతున్నాయి.

చట్టం ఉన్నా అడగలేని పరిస్థితి విదేశాల్లోనూ ఉంది. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదివే విద్యార్థులు తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటల దాకా, అదీ క్యాంపస్‌లోనే పనిచేయవచ్చు. అనుమతి లేకుండా బయటి రెస్టారెంట్లలో పనిచేసే విద్యార్థులు, వారిలోని తెలుగువారు సహా, జీతం ఎగ్గొట్టినా వీసా పోతుందన్న భయంతో ఫిర్యాదు చేయరు. అక్కడి కనీస వేతన చట్టం మాత్రం వీసా స్థితితో నిమిత్తం లేకుండా చేసిన పనికి వేతనం ఇవ్వాలంటుంది.

సర్వర్లే యజమానులైన చోటు

1950ల మధ్యలో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయడంతో ఉద్యోగులు వీధిన పడ్డారు. కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో వారు సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని తామే నడపడం మొదలుపెట్టారు. 1957లో బెంగళూరులో సంఘం ఏర్పడింది. అదే ఏడాది ఢిల్లీలో, 1958లో త్రిశ్శూరులో ఇండియన్ కాఫీ హౌస్ తలుపులు తెరిచింది. తెల్లని దుస్తులు, నడుముకు పట్టీ, విసనకర్రలా విచ్చుకున్న తలపాగాతో కనిపించే అక్కడి బేరర్లు ఆ సంస్థలో సభ్యులు. పాలకవర్గాన్ని సభ్యులే ఎన్నుకుంటారు. క్లీనర్‌గా చేరినవారు మెట్టు మెట్టుగా పైకి వస్తారు. ఆరు దశాబ్దాలకు పైగా సాగుతున్న ఈ ప్రయోగం, సర్వర్‌కు స్థిరమైన ఉద్యోగం ఇచ్చీ తక్కువ ధరకు కాఫీ అమ్మవచ్చని నిరూపించింది.

ఇటీవలి మార్పులు

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో హోటళ్లు మూతపడినప్పుడు వలస సర్వర్లు జీతమూ వసతీ ఒకేసారి కోల్పోయారు. జూన్ 8 నుంచి హోటళ్లు మళ్లీ తెరుచుకున్నా, ఊళ్లకు వెళ్లినవారిలో కొందరు తిరిగి రాలేదు. ఇంటికే ఆహారం తెప్పించుకొనే యాప్‌లు, బల్ల మీది క్యూఆర్ కోడ్ పట్టికలు, టోకెన్ తీసుకొని నిలబడి తినే దర్శినీలు సర్వర్ పనిలో కొంత భాగాన్ని తీసేసుకున్నాయి. ఆర్డరు రాసుకోవడం యంత్రానికి అప్పగించవచ్చు. వచ్చినవారిలో షుగరు ఉన్న పెద్దావిడకు ఏది పెట్టాలో సూచించడం, ఏడుస్తున్న పసివాడికి ముందుగా వేడిపాలు తెప్పించడం మనిషి చేసే పనిగానే మిగిలింది.

శిక్షణ అవకాశాలు కూడా ఉన్నాయి. 1954లో ముంబైలో ప్రారంభమైన హోటల్ మేనేజ్‌మెంట్ విద్యాసంస్థల వరస నేడు హైదరాబాద్, తిరుపతితో సహా దేశమంతటా విస్తరించింది. అయితే టిఫిన్ హోటల్ సర్వర్లలో అత్యధికులు పని చేస్తూనే, పక్కవాళ్లను చూసే నేర్చుకుంటారు. ఆ నేర్పుకు ధ్రువపత్రం లేదు, జీతంలో గుర్తింపూ లేదు.

సర్వర్ ఉద్యోగాన్ని గౌరవప్రదమైన వృత్తిగా నిలబెట్టడానికి కావలసినవి కొత్తగా కనిపెట్టవలసినవి కావు: రాతపూర్వక నియామకం, టిప్పుతో ముడిపెట్టని కనీస వేతనం, అదనపు గంటలకు రెట్టింపు, వారానికి ఒక సెలవు, కూర్చోవడానికి ఒక కుర్చీ. ఇవి చాలావరకు చట్టంలో ఇప్పటికే ఉన్నాయి. వాటిని అమలు చేయించడం ప్రభుత్వాల పని, జీతాన్ని ధరలో నిజాయితీగా లెక్కగట్టడం యజమానుల పని. వడ్డించే మనిషిని మర్యాదగా పిలవడం మాత్రం తినడానికి కూర్చున్న ప్రతి ఒక్కరూ ఈరోజే చేయగలిగిన పని.